గాడిదకు కడుపు నింపాలి, కొవ్వు పెంచకూడదు: కెనడాలో చిన్న పొలం ఉన్నవాళ్ళకు మేత లెక్కలు

కెనడాలో మన తెలుగువాళ్ళు కొందరు ఊరికి దూరంగా నాలుగైదు ఎకరాల స్థలంతో ఇల్లు తీసుకుంటున్నారు. ముందు కూరగాయల మడులు వేస్తారు, తర్వాత కోళ్ళు వస్తాయి, ఆ తర్వాత పిల్లలు మేకపిల్ల కావాలంటారు. మేకలు వచ్చాక కయోటీల భయం మొదలవుతుంది. అప్పుడు పక్క పొలం ఆయన "ఒక గాడిదను పెట్టుకోండి" అని సలహా ఇస్తాడు. మా ఇంట్లోనూ ఇదే వరుసలో జరిగింది. ఇప్పుడు ఒంటారియోలోని మా చిన్న పొలంలో ఆరు మేకలు, రెండు గాడిదలు ఉన్నాయి.

ఫోన్ చేసే స్నేహితులు ఎక్కువగా అడిగేది ఒక్కటే: "వాటికి ఏం పెడతారు?" గాడిద ఏదైనా తింటుంది, మేక అన్నీ తింటుంది అనే నమ్మకంతోనే అందరూ మొదలుపెడతారు. మన ఊళ్ళలో గోడ మీది సినిమా పోస్టర్లను మైదా జిగురుతో సహా పీకి తినే మేకల్ని, గాడిదల్ని చూసి పెరిగినవాళ్ళం కదా. కానీ ఈ రెండు జంతువులకూ ఇక్కడ ప్రమాదం ఆకలి వల్ల కంటే ఎక్కువ పెట్టడం వల్లే వస్తుంది. నేను బీఎస్సీ చదివాను, పశువైద్యురాలిని కాను. మందుల సంగతి డాక్టర్‌కే వదిలి, మేత వెనక ఉన్న లెక్క మాత్రం చెబుతాను.

మేకల మందలో గాడిద ఎందుకు?

గాడిదకు కుక్కజాతి జంతువులంటే సహజంగానే పడదు. కయోటీ కనబడితే చాలా గాడిదలు పారిపోకుండా అరుస్తూ ఎదురువెళ్ళి, వెంటబడి, కాళ్ళతో తొక్కుతాయి. అందుకే గొర్రెలు, మేకలు పెంచేవాళ్ళు గాడిదను కాపలాకు పెట్టుకోవడం ఉత్తర అమెరికాలో బాగా తెలిసిన పద్ధతి. ఒంటారియో వ్యవసాయ శాఖ కూడా దీని మీద రైతులకు సూచనలు ఇచ్చింది. ఆడ గాడిదను గానీ, విత్తులు తీయించిన మగదాన్ని గానీ ఎంచుకోవాలి. విత్తులు తీయని మగ గాడిద మేకపిల్లల్ని గాయపరచవచ్చు. ప్రతి గాడిదా కాపలా కాయదు. తోడేళ్ళ గుంపు, ఎలుగుబంటి ముందు ఏ గాడిదా నిలవలేదు. ఇంకో మాట, మీ పెంపుడు కుక్కను కూడా అది శత్రువుగానే చూడవచ్చు.

రెండూ ఒకే చోట ఉంటాయి కాబట్టే మేత దగ్గర తంటా వస్తుంది. ఒకదానికి బలం ఇచ్చేది ఇంకొకదానికి జబ్బు తెస్తుంది.

ముందు రెండు మాటలు విడదీద్దాం

తెలుగులో "ఎండుగడ్డి" అని ఒకే మాటతో సరిపెట్టుకుంటాం. ఇక్కడ కొట్టుకు వెళితే రెండు వేర్వేరు సరుకులు ఉంటాయి. గడ్డిని పచ్చగా ఉన్నప్పుడే కోసి ఆరబెట్టి మోపు కడితే అది హే. గింజ పండి, కోత అయ్యాక మిగిలిన కాడలు స్ట్రా. మన వరిగడ్డి స్ట్రా కిందికే వస్తుంది. హేలో మాంసకృత్తులు, చక్కెరలు ఎక్కువ. స్ట్రాలో పీచు ఎక్కువ, బలం తక్కువ. బార్లీ, ఓట్స్, గోధుమ స్ట్రా ఇక్కడ దొరుకుతాయి. చాలామంది దాన్ని పశువుల కింద పరుపుగా వేయడానికే కొంటారు. గాడిదకు మాత్రం శుభ్రమైన బార్లీ స్ట్రా పరుపు కాదు, భోజనం.

మా అత్తయ్యగారు నల్గొండ నుంచి వచ్చినప్పుడు వారం రోజులు చూసి, "ఏమ్మా, నోరులేని జీవానికి రోజూ వట్టి గడ్డేనా, కాస్త తౌడన్నా కలపరాదూ" అన్నారు. ఆవిడ బాధలో న్యాయం ఉంది. అక్కడ గాడిదలు ఇటుక బట్టీల్లో, చాకిరేవుల దగ్గర పగలంతా బరువులు మోశాయి. పని చేసే ఒంటికి తౌడు కావాలి. మా గాడిదలు పొద్దంతా చేసే పని కంచె పక్కన నిలబడటం. అది చెప్పాక ఆవిడే నవ్వి, "అయితే వీటివి ఆఫీసు ఉద్యోగాలన్నమాట" అన్నారు.

రెండు పొట్టలు, రెండు పద్ధతులు

మేక నెమరువేసే జంతువు. దాని పొట్టలో నాలుగు అరలు. మొదటిదైన రూమెన్ పెద్ద పులియబెట్టే తొట్టి లాంటిది. కోట్లాది సూక్ష్మజీవులు అక్కడ ఆకును, పీచును విరగ్గొడతాయి. అంటే మేకకు మేత పెట్టడమంటే ముందు ఆ సూక్ష్మజీవులకు పెట్టడమే. ఇడ్లీ పిండి పులియడం తెలిసినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. పీచు నెమ్మదిగా పులుస్తుంది. గింజలు, అన్నం, రొట్టె చాలా వేగంగా పులిసి ఆమ్లం పెరిగిపోతుంది. రూమెన్ పనిచేయడం ఆగిపోతుంది, మేక కూలబడుతుంది. పెళ్ళిళ్ళ దగ్గర పారబోసిన అన్నం మేసి మన ఊళ్ళలో పశువులు చనిపోవడానికి కారణం కూడా ఇదే.

గాడిద నెమరువేయదు. దాని జీర్ణాశయం చిన్నది. పీచు పులిసేది చివరన, పెద్దపేగుల్లో. దానికి పిత్తాశయం కూడా ఉండదు, పైత్యరసం ఎప్పటికప్పుడు పేగులోకి జారుతుంటుంది. రోజంతా కొంచెం కొంచెం మేసే జీవికి సరిపోయే ఏర్పాటు ఇది. గాడిద పూర్వీకులు ఈశాన్య ఆఫ్రికాలోని ఎండు నేలల్లో బతికిన అడవి గాడిదలు. ఎండిపోయిన గడ్డీ ముళ్ళ పొదలూ నములుతూ మైళ్ళ దూరం నడిచేవి. ఆ ఒంటిని తెచ్చి జూన్ నెల ఒంటారియో పచ్చికలో వదిలితే ఏమవుతుందో ఊహించండి.

గాడిదకు కావలసింది ఎంత?

మామూలు సైజు గాడిద 180 కిలోలు ఉంటుందనుకుందాం. తేమ తీసేసిన లెక్కలో ఒంటి బరువులో దాదాపు 1.3 నుంచి 1.8 శాతం మేత దానికి చాలు. 1.5 శాతం పట్టుకుంటే 2.7 కిలోలు. ఎండుగడ్డిలోనూ కొంత తేమ ఉంటుంది కాబట్టి తూకంలో దాదాపు 3 కిలోలు. ఎండాకాలంలో ఇందులో ముప్పావు వంతు స్ట్రా, మిగతాది కొద్దిపాటి పచ్చిక లేదా హే. చలికాలంలో సగం స్ట్రా, సగం హే. ఆరోగ్యంగా ఉండి పని లేని గాడిదకు గింజలు, దాణా, అల్ఫాల్ఫా అవసరం లేదు. పళ్ళు అరిగిన ముసలి గాడిద మాత్రం స్ట్రా నమలలేదు. దానికి డాక్టర్‌ను అడిగి మెత్తని మేత ఏర్పాటు చేయాలి.

హే కొనేటప్పుడు మనం పచ్చగా, ఆకు ఎక్కువగా ఉన్నదాన్ని చూసి మురిసిపోతాం. గాడిదకు ఆలస్యంగా కోసిన, కాడలు ముదిరిన మొదటి కోత గడ్డి మంచిది. కానీ బూజు, దుమ్ము ఉన్నది ఏ జంతువుకూ పనికిరాదు. ముదురు గడ్డి వేరు, చెడిన గడ్డి వేరు.

ఎక్కువ పెడితే ఏం జరుగుతుంది? మెడ మీద కొవ్వు గట్టు కడుతుంది, పక్కటెముకల మీద, పిరుదుల మీద దిమ్మలు వస్తాయి. తర్వాత గిట్టల లోపలి పొర వాచి నడవలేకపోతుంది. దాన్ని లామినైటిస్ అంటారు. విపరీతమైన నొప్పి.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. లావుగా ఉన్న గాడిద ఏ కారణంతోనైనా మేత మానేస్తే ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా కరిగి రక్తంలోకి వస్తుంది. కాలేయం తట్టుకోలేదు. రక్త నమూనా తీస్తే పై నీరు పాలలా తెల్లగా కనిపించేంత కొవ్వు. దీని పేరు హైపర్‌లిపీమియా, ప్రాణం తీస్తుంది. పంటి నొప్పి, ప్రయాణం, జత గాడిద చనిపోయిన దిగులు కూడా మేత మానడానికి కారణాలు కావచ్చు. గాడిద బాధను బయటపెట్టని జంతువు. అందుకని "పొద్దున తినలేదు, సాయంత్రం చూద్దాం" అని ఆగకండి. గాడిద మేత ముట్టకపోతే ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. లావుగా ఉందని పస్తు పెట్టడమూ ఇందుకే తప్పు. బరువు నెలల తరబడి, మెల్లగా తగ్గించాలి.

మేకకు ఆకు కావాలి

ఆవు తల దించి మేస్తుంది, మేక తల ఎత్తి మేస్తుంది. మన కాపరులు చివర కొడవలి కట్టిన పొడవాటి కర్రతో తుమ్మ, రేగు, అవిశ కొమ్మలు దించి వేసేది అందుకే. ఇక్కడ విల్లో, పోప్లర్, అడవి రాస్బెర్రీ పొదలు ఆ పని చేస్తాయి. దీంట్లో ఇంకో లాభం ఉంది. మేకల్ని రక్తహీనతతో చంపే హీమాంకస్ పురుగు పిల్లలు గడ్డి మొదట్లో, నేలకు దగ్గరగా ఉంటాయి. పచ్చిక నాలుగు అంగుళాల కంటే కిందికి మేయనీయకుండా మడి మారిస్తే పురుగులు తగ్గుతాయి. మేక కింది కనురెప్ప తిప్పి చూస్తే రక్తహీనత తెలుస్తుంది. పాలిపోయి ఉంటే డాక్టర్‌ను పిలవాలి.

మేక ఒంటి బరువులో 3 శాతం వరకు తింటుంది. పాలిచ్చే మేక 4 శాతం దాటుతుంది. 60 కిలోల మేకకు రోజుకు సుమారు 2 కిలోల హే. పాలిచ్చేదానికి అల్ఫాల్ఫా, కొద్దిగా దాణా ఇవ్వవచ్చు. అల్ఫాల్ఫా అంటే మన లూసర్న్ గడ్డే. చూలు మేకకు చివరి ఆరు వారాల్లో బలం కొద్దికొద్దిగా పెంచాలి. కడుపులో రెండు మూడు పిల్లలుండి తల్లికి మేత చాలకపోతే దాని ఒంట్లోనూ కొవ్వు కరిగి కాలేయం మీద పడుతుంది. గాడిదకు చెప్పిన ప్రమాదానికి ఇది దగ్గరి చుట్టమే.

విత్తులు తీయించిన మగ మేకకు దాణా పెట్టకండి. గింజల్లో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. మేతలో సున్నం భాస్వరానికి సుమారు రెండింతలుండాలి. అది తారుమారైతే మూత్రంలో రాళ్ళు కడతాయి. మగ మేక మూత్రనాళం చాలా సన్నం, ఇరుక్కుంటే కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. మేక ముక్కుతూ, మూలుగుతూ, తోక ఆడిస్తూ నిలబడితే మలబద్ధకం అనుకుని ఊరుకోవద్దు. దానికి మంచి గడ్డి, నీళ్ళు, ఖనిజ లవణాలు చాలు.

ఏ మేత మార్చినా వారం, పది రోజులు పాతదీ కొత్తదీ కలిపి మార్చాలి. రూమెన్‌లోని సూక్ష్మజీవులు ఒక్క రోజులో మారలేవు.

సంచి మీది అక్షరాలు చదవండి

ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన పేరా. పశువుల, కోళ్ళ దాణాల్లో కొన్నిటికి మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. పశువులకు, కోళ్ళకు అది మేలు చేస్తుంది. గుర్రాలకు, గాడిదలకు అది గుండె కండరాన్ని దెబ్బతీసే విషం. కొద్ది మోతాదే చాలు, విరుగుడు లేదు. కాబట్టి గాడిద ఉన్న కొట్టంలోకి మందు కలిపిన దాణా రానీయకండి. ఒకే చెంచా, ఒకే బకెట్ రెండింటికీ వాడకండి. దాణా డబ్బాలకు గట్టి మూతలు పెట్టండి. కొట్టులో "ఇందులో మోనెన్సిన్ ఉందా?" అని పేరు పెట్టి అడగండి.

రెండోది రాగి. గొర్రెలకు రాగి ఎక్కువైతే విషం. మేకకు రాగి కావాలి. "గొర్రెలకు, మేకలకు" అని కలిపి అమ్మే మినరల్‌లో సాధారణంగా అదనపు రాగి ఉండదు. మేకకు విడిగా మేక మినరల్ కొనండి. మూడోది సెలీనియం. ఒంటారియోలో చాలా నేలల్లో ఇది తక్కువ, అందుకే ఇక్కడ పండిన గడ్డిలోనూ తక్కువే. లోటు ఉంటే మేకపిల్లల కండరాలు బలహీనపడి నిలబడలేవు. కానీ సెలీనియం అవసరానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి.

మేకల దాణా గాడిద నోటికి అందకుండా ఉండాలంటే మధ్యలో సన్నని సందు ఉన్న గేటు పెట్టండి. మేక దూరుతుంది, గాడిద దూరదు. ఈ ఒక్క గేటు ఎంతో ఖర్చు తప్పిస్తుంది.

చలికాలం లెక్క

ఇక్కడ పచ్చిక ఉండేది మే నుంచి అక్టోబర్ వరకే. మిగతా 200 రోజులకు గడ్డి ముందే కొని పెట్టుకోవాలి. మా సంసారం లెక్క ఇలా ఉంటుంది. ఆరు మేకలకు రోజుకు 2 కిలోల చొప్పున 2,400 కిలోల హే. రెండు గాడిదలకు రోజుకు 3 కిలోల చొప్పున 1,200 కిలోలు, అందులో సగం హే, సగం స్ట్రా. మొత్తం హే 3,000 కిలోలు. మేకలు కిందపడిన గడ్డి ముట్టవు, అందుకని ఐదో వంతు అదనంగా కలిపితే 3,600 కిలోలు. చిన్న మోపు 20 కిలోలనుకుంటే 180 మోపులు. స్ట్రా 600 కిలోలు, పరుపుకు వేసేది అదనం. మీ జంతువుల సంఖ్య పెట్టి ఇదే లెక్క వేసుకోండి. ఈ గడ్డి జూన్, జూలైలో పొలం నుంచి నేరుగా కొంటే చవక. ఫిబ్రవరిలో అయిపోతే దొరకడమే కష్టం.

గట్టి చలి పడ్డ రాత్రి దాణా పెంచాలని అనిపిస్తుంది. వెచ్చదనం ఇచ్చేది నిజానికి గడ్డే. పీచు పొట్టలో పులుస్తున్నంత సేపూ వేడి పుడుతుంది, లోపల కుంపటి పెట్టుకున్నట్టు. చలి రాత్రి మేకలకు ఇంకో పట్టెడు హే, గాడిదలకు ఇంకో పట్టెడు స్ట్రా వేయండి. గాడిద వెంట్రుకలు గుర్రానికి ఉన్నంతగా నీటిని ఆపవు, తడిస్తే వణుకుతుంది. పైకప్పు, గాలి మళ్ళించే గోడ తప్పనిసరి.

నీళ్ళ సంగతి మేత కంటే ముందు చూడాలి. గాడిద రోజుకు 10 నుంచి 25 లీటర్లు తాగుతుంది. నీళ్ళు మరీ చల్లగా ఉన్నా, మురికిగా ఉన్నా తాగడం తగ్గించేస్తుంది. ఎండు మేత తిని నీళ్ళు తాగకపోతే పేగు గడ్డకట్టినట్టు బిగుసుకుంటుంది. మగ మేకలో రాళ్ళ ప్రమాదమూ పెరుగుతుంది. కరెంటు బకెట్ ఖర్చు అనుకోకండి, డాక్టర్ అత్యవసర పిలుపుకంటే ఎప్పుడూ చవకే.

కంచె పక్కనే ఉండే విషం

లేత జొన్న, కోసిన మోడు నుంచి వచ్చిన జొన్న పిలకలు మేసి పశువులు చనిపోవడం మన రైతులందరికీ తెలుసు. తెలంగాణలో "నాము" అంటారు. అందులో సైనైడ్ పుడుతుంది. ఇక్కడ అదే పని చేసేది చోక్‌చెర్రీ. కంచె వెంబడి తనంతట తానే మొలిచే చెర్రీ జాతి పొద ఇది. గాలివానకు కొమ్మ విరిగి ఆకు వాడితే మరీ ప్రమాదం. అత్తయ్యగారికి ఆ పొద చూపించి "ఇది ఇక్కడి నాము" అంటే ఇంకేం చెప్పనక్కరలేకపోయింది.

రెడ్ మేపుల్ ఆకులు వాడిపోయాక గాడిదలకు, గుర్రాలకు విషం, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఇళ్ళ ముందు అందానికి పెంచే యూ పొద కొన్ని కొమ్మలతోనే ఏ జంతువునైనా చంపుతుంది. రోడోడెండ్రాన్, అజేలియా మేకలకు విషం. పొరుగువాళ్ళు మంచి మనసుతో కత్తిరించిన పొదలను, లాన్ గడ్డిని కంచె మీదుగా పడేస్తారు. లాన్ గడ్డి కుప్పలో వేడెక్కి పులిసి గాడిదకు కడుపునొప్పి తెస్తుంది. నవ్వుతూనే వద్దని చెప్పండి, కంచెకు ఒక బోర్డు కూడా కట్టండి.

చుట్టాలు వచ్చినప్పుడు

మన ఇళ్ళకు ఎవరూ ఉత్తచేతులతో రారు. పొలానికి వచ్చేటప్పుడు పిల్లల చేతిలో రొట్టె, మిగిలిన పెరుగన్నం, చపాతీలు, బెల్లం ముక్క, పూజ అరటిపళ్ళు ఉంటాయి. మూగజీవికి పెడితే పుణ్యమని మనకు చిన్నప్పటి నుంచి చెప్పారు, ఆ మాట మంచిదే. పదిమంది వచ్చి పది రొట్టెలు పెడితే మాత్రం ఆ పుణ్యం మేక పొట్టలో ఆమ్లం అవుతుంది. అవకాడో, చాక్లెట్, ఉల్లిపాయ, పచ్చబడిన బంగాళదుంప అసలు పెట్టకూడదు. వంటింట్లో మిగిలిన మాంసం కూరలు మేకల దరిదాపుల్లోకి రాకూడదు.

పిల్లల్ని నిరాశపరచక్కరలేదు. క్యారెట్‌ను గుండ్రంగా కాకుండా పొడవుగా చీల్చి, ఆపిల్ సన్నని ముక్కలు కోసి ఒక చిన్న గిన్నెలో ఇవ్వండి. గిన్నె అయిపోతే ఆ రోజుకు అంతే. విల్లో కొమ్మ ఇస్తే పిల్లలు పట్టుకోవచ్చు, మేక లాగుతుంది, అందరికీ ఆనందం.

తెచ్చుకునే ముందు

మీ స్థలంలో పశువులు పెంచవచ్చో లేదో ముందు మున్సిపాలిటీని అడగండి. పెద్ద జంతువుల డాక్టర్ మీ ప్రాంతానికి వస్తారో లేదో కనుక్కోండి. 2018 డిసెంబర్ 1 నుంచి కెనడాలో పశువుల యాంటీబయాటిక్స్‌కు డాక్టర్ చీటీ తప్పనిసరి, కొట్టులో కొనేసి వేసే రోజులు పోయాయి. దేశవ్యాప్త సంరక్షణ నియమావళి మేకలకు ఒకటి, గాడిదలతో సహా గుర్రపు జాతికి ఒకటి ఉన్నాయి. ఉచితంగా చదువుకోవచ్చు. గ్వెల్ఫ్ దగ్గర 1992 నుంచి పనిచేస్తున్న కెనడా డాంకీ సాంక్చువరీ ఉంది, గాడిదల మేత గురించి వాళ్ళు ప్రచురించే సమాచారం కొత్తవాళ్ళకు చాలా ఉపయోగం.

వయసు లెక్క కూడా వేసుకోండి. మేక పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. బాగా చూసుకుంటే గాడిద ముప్ఫై ఏళ్ళు దాటుతుంది. ఇంటి మార్ట్‌గేజ్ పాతికేళ్ళలో తీరిపోవచ్చు, గాడిద అప్పటికీ కంచె దగ్గర నిలబడి మీ కోసం చూస్తుంటుంది. భారతదేశంలో 2019 పశుగణనలో గాడిదలు లక్షా ఇరవై వేలకు పడిపోయాయి. అంతకుముందు 2012 లెక్కతో పోలిస్తే 60 శాతానికి పైగా తగ్గుదల. మన తిట్లలో మిగిలినంత గట్టిగా అది మన ఊళ్ళలో మిగలలేదు. ఇక్కడ దాన్ని తెచ్చుకునేవాళ్ళు కనీసం దాని కడుపు సంగతి తెలుసుకుని తెచ్చుకోవాలి.

వారానికి ఒకసారి రెండు చేతులూ గాడిద పక్కటెముకల మీద పెట్టి తడమండి. కళ్ళకు కనిపించకూడదు, వేళ్ళకు మాత్రం తగలాలి. అలా ఉంటే మీ మేత సరిగ్గా ఉన్నట్టే.